విశ్రాంత జీవితానికి హలాల్ రాబడి: హామీ పెరిగేకొద్దీ అనుమానమూ పెరగాలి

పదవీ విరమణ చేసిన ముస్లిం ఉద్యోగి ఎదుట తొలి నెలలోనే ఒక ప్రశ్న వచ్చి నిలుస్తుంది. గ్రాట్యుటీ, భవిష్యనిధి, మిగిలిన సెలవుల సొమ్ము కలిసి జీవితంలో ఒకే ఒక్కసారి పెద్ద మొత్తంగా చేతికి అందుతాయి. ఆ మొత్తాన్ని ఎక్కడ ఉంచాలి? బ్యాంకు డిపాజిట్ అయినా, పోస్టాఫీసు పథకమైనా వడ్డీ మీదనే నడుస్తుంది. వడ్డీని ఖుర్ఆన్ నిషేధించిందని ఆ ఉద్యోగి చిన్ననాటి నుంచీ వింటూనే ఉన్నాడు. ఇంట్లో ఊరికే ఉంచుకుంటే ధరల పెరుగుదల ఆ సొమ్మును ఏటా కొంత కొరుక్కుతింటుంది. పైగా నిసాబ్‌కు మించిన సొమ్ముకు ఏటా రెండున్నర శాతం జకాత్ విధి.

ఏలూరు, తాడేపల్లిగూడెం మసీదుల వద్ద జుమా నమాజు ముగిశాక ఈ ప్రశ్న అడిగేవారు మాకు తరచుగా ఎదురవుతున్నారు. వారిలో విశ్రాంత ఉపాధ్యాయులున్నారు. గల్ఫ్ దేశాలలో ఇరవై ఏళ్లు కష్టపడి తిరిగివచ్చినవారున్నారు. తివాచీ మగ్గాన్ని వదిలి చిన్న దుకాణం పెట్టుకున్న కుటుంబాలున్నాయి. 2004 సెప్టెంబరు 1 తర్వాత ఉద్యోగంలో చేరి, పాత పింఛనుకు నోచుకోని తరమూ ఉంది. వీరిలో ఎవరికీ అత్యాశ లేదు. బిడ్డల మీద ఆధారపడకుండా, ధర్మానికి విరుద్ధం కాకుండా నాలుగు వేళ్లు నోటికి వెళ్తే చాలన్నదే వీరి కోరిక. సరిగ్గా ఈ కోరికనే పెట్టుబడిగా చేసుకొని మన సమాజాన్ని దోచుకున్నవారున్నారు. అందుకే ఈ విషయాన్ని దాపరికం లేకుండా, లెక్కలతో సహా చర్చించుకోవాలని మేము భావిస్తున్నాము.

పది లక్షల లెక్క

పది లక్షల రూపాయలు ఉన్నాయనుకుందాం. ప్రభుత్వ వయోవృద్ధుల పొదుపు పథకం వడ్డీ 2023 ఏప్రిల్‌లో 8.2 శాతానికి చేరింది. ఆ రేటున ఏడాదికి 82,000 రూపాయలు, అంటే నెలకు సుమారు 6,800 వస్తాయి. అది వడ్డీ.

వాటాల మార్కెట్‌కు వద్దాం. నిఫ్టీ సూచీలోని 50 పెద్ద కంపెనీల సగటు డివిడెండు ఇటీవలి ఏళ్లలో వాటా ధరలో ఒకటిన్నర శాతానికి లోపుగానే ఉంటోంది. పది లక్షలకు ఏడాదికి 15,000 కూడా రావు. నిలకడగా మంచి డివిడెండు ఇచ్చే కంపెనీలను ఏరి కూర్చుకొని మూడు శాతం సాధించినా 30,000 రూపాయలు, నెలకు 2,500 మాత్రమే.

ఇక మూడవ లెక్క. హైదరాబాద్ కేంద్రంగా నడిచిన హీరా గోల్డ్ సంస్థ వడ్డీ లేని హలాల్ వ్యాపారమని చెప్పి ఏడాదికి 36 శాతం వరకు లాభం ఆశ చూపింది. పది లక్షలకు ఏడాదికి 3,60,000, నెలకు 30,000 రూపాయలు.

2,500, 6,800, 30,000. ఈ మూడు అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే మన పెద్దలు ఎందుకు మోసపోయారో బోధపడుతుంది. మొదటిది చాలదు. రెండవదానికి మనస్సాక్షి అడ్డువస్తుంది. మూడవది ధర్మమనే ముసుగులో వచ్చి ఆ రెండు లోటులనూ ఒకేసారి తీరుస్తానన్నది.

మనం చూసిన పతనాలు

హీరా గోల్డ్ అధినేత్రి 2018 అక్టోబరులో అరెస్టయ్యారు. మదుపుదారులకు రావలసిన సొమ్ము కోసం న్యాయస్థానాల చుట్టూ ఏళ్ల తరబడి తిరగవలసి వచ్చింది. ఆ మరుసటి ఏడాది, 2019 జూన్‌లో, బెంగళూరులోని ఐఎంఏ సంస్థ మూతపడింది. దాని అధిపతి దేశం విడిచి వెళ్లి, జులైలో తిరిగివచ్చి అరెస్టయ్యాడు. అక్కడ సొమ్ము పోగొట్టుకున్నవారిలో అత్యధికులు ముస్లింలే. వారిలో పింఛనుదారులు ఉన్నారు, వితంతువులు ఉన్నారు, కూతురి నికాహ్ కోసం దాచినవారు ఉన్నారు.

ఇది మన సమాజానికే పరిమితమైన జాడ్యం కాదు. విజయవాడ కేంద్రంగా నడిచిన అగ్రిగోల్డ్ సంస్థ సుమారు 32 లక్షల మంది నుంచి ఆరు వేల కోట్ల రూపాయలకు పైగా సేకరించింది. దానిపై తొలి కేసు ఏలూరు పక్కనున్న పెదపాడు పోలీసు స్టేషనులో 2015లో నమోదయింది. విచారణ ఏలూరు కోర్టుకు వచ్చింది. 2019 నవంబరులో పది వేల లోపు, 2021 ఆగస్టులో ఇరవై వేల లోపు డిపాజిట్లు చేసినవారికి రాష్ట్ర ప్రభుత్వం తన ఖజానా నుంచి చెల్లింపులు జరిపింది. ఒకరు మతం పేరు చెప్పారు, మరొకరు భూమి పేరు చెప్పారు. అందరూ చేసిన వాగ్దానం మాత్రం ఒకటే: ఎక్కువ రాబడి, తప్పనిసరిగా.

ఇక్కడే ఒక ధర్మసూక్ష్మం ఉంది. వ్యాపారంలో భాగస్వామికి లాభమైనా నష్టమైనా రావచ్చు. ముందుగా ఇంత శాతమని నిర్ణయించి, వ్యాపారం ఎలా సాగినా నెలనెలా చెల్లిస్తామని ఎవరైనా అంటే దానికి రెండే అర్థాలుంటాయి. అది పేరు మార్చుకున్న వడ్డీ కావాలి, లేదా కొత్తగా చేరేవారి సొమ్మును పాతవారికి పంచే మోసం కావాలి. రెండింటిలో ఏదైనా హలాల్ కాదు. కాబట్టి 'గ్యారంటీ హలాల్ లాభం' అన్న మాటలోనే వైరుధ్యం ఉంది. ఈ ఒక్క విషయం మన మహల్లాలలో అందరికీ తెలిసి ఉంటే ఎన్నో ఇళ్లు నిలబడేవి.

డివిడెండు అంటే ఏమిటి

కొల్లేటి పరిసరాల వారికి డివిడెండు కొత్త విషయమేమీ కాదు. నలుగురు కలిసి చేపల చెరువు కౌలుకు తీసుకుంటారు. ఎవరి వాటా సొమ్ము వారు పెడతారు. పట్టుబడి అయ్యాక దాణా ఖర్చు, కూలీ, కౌలు పోగా మిగిలినదానిని వాటాల ప్రకారం పంచుకుంటారు. తెగులు వస్తే ఆ ఏడు పంపకం ఉండదు. కంపెనీ డివిడెండు కూడా ఇటువంటిదే. లాభంలో కొంత భాగాన్ని వాటాదారులకు పంచుతారు, మిగిలినది వ్యాపారంలోనే ఉంచుతారు. నష్టంలో కూడా భాగం ఉన్నందువల్లనే సమకాలీన ఉలమాలలో అత్యధికులు కొన్ని నిబంధనలకు లోబడి దీనిని అనుమతించారు.

కొల్లేరు మరొక పాఠం కూడా నేర్పింది. 2006లో ప్రభుత్వం కొల్లేరు ఆపరేషన్ పేరిట అభయారణ్యం పరిధిలోని ఐదవ కాంటూరు లోపలి చెరువుల గట్లను కొట్టివేయించింది. సరస్సును 1999లోనే అభయారణ్యంగా ప్రకటించారు. అయినా ఆ హద్దులలో వాటాలు చేతులు మారుతూనే వచ్చాయి. రాబడి ఎంత అని అడిగినవారే గాని, హక్కు ఎవరిది అని అడిగినవారు తక్కువ. ఏ పెట్టుబడిలోనైనా ఈ రెండవ ప్రశ్న ముందు రావాలి.

2025 ఆగస్టులో అమెరికా మన సరకులపై సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు భీమవరం, ఆకివీడు ప్రాంతాల రొయ్యల రైతులతో పాటు ఎగుమతి కంపెనీల వాటాదారులకూ దెబ్బ తగిలింది. మన ఇల్లు కొల్లేటి ఒడ్డున, కొడుకు వ్యాపారం చెరువు మీద, దాచిన సొమ్ము రొయ్యల కంపెనీలో ఉంటే ఒక్క తుపానుకు మూడూ మునుగుతాయి. తెలిసిన వ్యాపారంలో పెట్టుబడి పెట్టడం మంచిదే. తెలిసిన ఒక్క వ్యాపారంలోనే అంతా పెట్టడం మాత్రం జాగ్రత్త అనిపించుకోదు.

వడపోత ఎలా చేయాలి

స్థిరమైన డివిడెండు కోరేవారికి మార్కెట్లో సాధారణంగా సూచించే పేర్లు కొన్ని ఉన్నాయి. వాటిలో చాలా భాగం మనకు పనికిరావు. ఐటీసీ ప్రధాన లాభం పొగాకు నుంచి వస్తుంది. బ్యాంకులు, బీమా కంపెనీల వ్యాపారమే వడ్డీతో ముడిపడింది. విద్యుత్ కంపెనీలు చేసే పని మంచిదే కాని పెద్ద అప్పుల మీద నడుస్తాయి. అందువల్ల షరియా వడపోత రెండు మెట్లుగా ఉంటుంది. మొదటి మెట్టులో మద్యం, పొగాకు, జూదం, పంది మాంసం, వడ్డీ వ్యాపారం వంటివి తొలగిపోతాయి. రెండవ మెట్టులో కంపెనీ అప్పు ఒక పరిమితికి మించరాదు, వడ్డీ ద్వారా వచ్చే ఆదాయం మొత్తం ఆదాయంలో అతి స్వల్పంగా ఉండాలి. అప్పును కొన్ని సంస్థలు నాలుగవ వంతుకు, మరికొన్ని మూడవ వంతుకు పరిమితం చేస్తాయి. వడ్డీ ఆదాయానికి మూడు నుంచి ఐదు శాతం దాకా హద్దు పెడతాయి.

ఈ పని అందరూ చేయలేరు. అందుకే నిఫ్టీ 50 షరియా, నిఫ్టీ 500 షరియా వంటి సూచీలు ఉన్నాయి. బొంబాయి స్టాక్ ఎక్స్చేంజ్ 2010 డిసెంబరులో టాసిస్ సంస్థతో కలిసి షరియా సూచీ ప్రారంభించింది. వాటిలోని కంపెనీల జాబితాను ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. జాబితా కాలానుగుణంగా మారుతుంది కనుక ఒకసారి చూసి వదిలివేయరాదు.

జాబితాలో పేరు కనిపించినంత మాత్రాన మన వివేకానికి సెలవు ఇవ్వకూడదు. మన పొరుగునే ఉన్న తణుకులో 1947లో స్థాపితమైన ఆంధ్రా షుగర్స్‌ను ఉదాహరణగా చూద్దాం. కొనమని గాని, మానమని గాని మేము చెప్పడం లేదు. చక్కెర మిల్లు అనగానే ధర్మబద్ధమైన వ్యాపారమని అనుకుంటాము. వార్షిక నివేదిక తెరిస్తే కాస్టిక్ సోడా వంటి రసాయనాలు, పారిశ్రామిక ఆల్కహాలు కూడా కనిపిస్తాయి. ఆల్కహాలు ఎంత భాగం, ఎవరికి అమ్ముతున్నారు అని చూడాలి, ఆలిమ్‌ను అడగాలి. చెరకు పంట, రసాయనాల ధర ఏటికేడు మారుతుంటాయి కనుక ఇటువంటి కంపెనీల డివిడెండు కూడా పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. కనీసం పదేళ్ల డివిడెండు చరిత్ర చూడాలని మేము అందుకే అంటున్నాము. ఒక్క ఏడాది భారీగా పంచిన కంపెనీ కంటే, పదేళ్లుగా కొద్దికొద్దిగా పెంచుతూ వచ్చిన కంపెనీ వృద్ధాప్యానికి మేలు. లాభంలో ఎక్కువ భాగం పంచివేసే కంపెనీ కష్టకాలంలో డివిడెండు నిలుపలేదు. ధర కుప్పకూలినందువల్ల డివిడెండు శాతం ఎక్కువగా కనిపించే కంపెనీలూ ఉంటాయి. వాటికి దూరంగా ఉండాలి.

విడి వాటాలు ఎంచుకోలేనివారికి ఫండ్లు ఉన్నాయి. టాటా ఎథికల్ ఫండ్, 2009లో మొదలైన టారస్ ఎథికల్ ఫండ్, అదే ఏడాది వచ్చి నేడు నిప్పాన్ ఇండియా పేరుతో ఉన్న షరియా బీస్ ఈటీఎఫ్ షరియా సూత్రాలను పాటించేవే. అయితే ఇవి పూర్తిగా వాటాలతో కూడినవి. సాధారణ మదుపుదారుకు దొరికే, సగం వాటాలు సగం రుణపత్రాలు కలిసిన మధ్యేమార్గపు ఫండ్లు మనకు పనికిరావు. వాటిలో రుణపత్రాల భాగం వడ్డీయే కదా.

ఫండ్లలో డివిడెండు అన్న మాటను నమ్మి మోసపోరాదు. 2021 ఏప్రిల్ 1 నుంచి సెబీ ఆ పేరునే మార్పించింది. ఇప్పుడు దానిని 'ఆదాయ పంపిణీ, మూలధన ఉపసంహరణ' అన్న అర్థం వచ్చే ఐడీసీడబ్ల్యూ పేరుతో పిలుస్తున్నారు. ఫండు పంచిన మేరకు మన యూనిట్ విలువ తగ్గుతుంది. మన కుండలోని బియ్యమే మన చేటలో పోసినట్లు. దానికంటే యూనిట్లు కొద్దికొద్దిగా అమ్ముకొనే క్రమానుగత ఉపసంహరణ పద్ధతి మంచిది. ఎంత తీసుకోవాలో మన చేతిలో ఉంటుంది. ఏడాదికి నాలుగు శాతం దాటకుండా ఉంటే మేలు. పది లక్షలకు అది 40,000, నెలకు సుమారు 3,300.

పాటించవలసిన జాగ్రత్తలు

2008లో నిఫ్టీ సగానికి పైగా పడిపోయింది. 2020లో కరోనా భయంతో కొద్ది వారాలలోనే మూడవ వంతుకు పైగా పడింది. రెండుసార్లూ మళ్లీ లేచింది. ఆ లేచేదాకా ఆగగలిగినవారికే ఆ లాభం దక్కింది. ఇంటి ఖర్చు కోసం పడిన ధరకే అమ్ముకున్నవారు శాశ్వతంగా నష్టపోయారు. అందువల్ల రెండు మూడు సంవత్సరాల ఖర్చుకు సరిపడే సొమ్మును మార్కెట్‌కు దూరంగా ఉంచాలి. వడ్డీ లేని కరెంటు ఖాతాలో ఉంచవచ్చు. పొదుపు ఖాతాలో ఉంచవలసి వస్తే, పడిన వడ్డీని పుణ్యం ఆశించకుండా పేదలకు ఇచ్చివేయమని పలువురు ఉలమాలు సూచిస్తున్నారు. కొంత బంగారం, వీలైతే అద్దె వచ్చే ఒక గది కూడా మంచి తోడు. వైద్యానికి కావలసిన సొమ్మును, కూతురి పెళ్లి సొమ్మును, అప్పు తెచ్చిన సొమ్మును ఎట్టి పరిస్థితిలోనూ వాటాలలో పెట్టరాదు.

కంపెనీకి స్వల్పంగా వడ్డీ ఆదాయం ఉంటే, డివిడెండులో ఆ మేరకు భాగాన్ని వేరుచేసి దానం చేయాలి. దీనినే శుద్ధి అంటారు. వంద రూపాయల ఆదాయంలో రెండు రూపాయలు వడ్డీ అయితే, వెయ్యి రూపాయల డివిడెండు నుంచి ఇరవై తీసివేయాలి.

2020 ఏప్రిల్ నుంచి డివిడెండు మీద పన్ను మదుపుదారుడే కట్టుకోవాలి. ఒక కంపెనీ నుంచి ఏడాదికి వచ్చే డివిడెండు 10,000 దాటితే ముందుగానే పది శాతం మినహాయిస్తారు. ఈ పరిమితి 2025 ఏప్రిల్‌కు ముందు 5,000గా ఉండేది. పన్ను పరిధిలోకి రాని వృద్ధులు ఏటా స్వీయ ధ్రువీకరణ పత్రం ఇస్తే మినహాయింపు తప్పుతుంది.

ఏడేళ్లు వరుసగా తీసుకోని డివిడెండుతో పాటు ఆ వాటాలు కూడా కేంద్ర ప్రభుత్వపు మదుపుదారుల రక్షణ నిధికి బదిలీ అవుతాయి. అందుచేత వివరాలు భార్యకు, పిల్లలకు రాసి ఇవ్వాలి. నామినీగా పెద్ద కొడుకు పేరు రాసినంత మాత్రాన ఆస్తి ఆయనది కాదు. వాటాల విషయంలో నామినేషన్ వారసత్వ చట్టాన్ని తోసిరాజనదని సుప్రీంకోర్టు 2023 డిసెంబరులో స్పష్టం చేసింది. భార్యకు, కూతుళ్లకు షరియా నిర్ణయించిన భాగాన్ని నామినేషన్ చాటున ఎగవేయడం చట్టానికీ ధర్మానికీ విరుద్ధం.

హక్కుగా అడగవలసినవి

వడ్డీ తీసుకునే పౌరునికి ప్రభుత్వ హామీతో నెలకు 6,800. వడ్డీ వద్దనుకున్న పౌరునికి మార్కెట్ ఒడుదొడుకులతో 3,300. తనకు రావలసిన ఆదాయంలో సగానికి పైగా మనస్సాక్షికి సుంకంగా చెల్లిస్తున్నాడు. నష్టభయం అదనం. డివిడెండు కాలక్రమంలో పెరిగే అవకాశం ఉన్నదన్న మాట నిజమే. కాని డెబ్బై ఏళ్ల మనిషికి ఈ నెల మందుల చీటీ ముఖ్యం.

సచార్ కమిటీ 2006లో బ్యాంకింగ్ రంగంలో ముస్లింల వెనుకబాటును దేశం ముందుంచింది. రఘురాం రాజన్ కమిటీ 2008లో వడ్డీ రహిత బ్యాంకింగ్‌ను పరిశీలించాలని సిఫారసు చేసింది. 2017లో రిజర్వు బ్యాంకు ఆ ప్రతిపాదనను ముందుకు తీసుకుపోరాదని నిర్ణయించుకున్నది. 2014 డిసెంబరులో ప్రారంభం కావలసిన ఎస్‌బీఐ షరియా ఈక్విటీ ఫండ్ ఆఖరి గడియలో ఆగిపోయింది. ప్రభుత్వ రంగంలోనివారు తలుపులు మూసినప్పుడల్లా వీధిలో మోసగాళ్ల తలుపులు తెరుచుకున్నాయి. హీరా, ఐఎంఏ పతనాలను ఆ ఖాళీ నుంచి విడదీసి చూడలేము.

కాబట్టి మేము మూడు కోరుతున్నాము. కొత్త పింఛను పథకంలోని ప్రభుత్వోద్యోగుల సొమ్ములో సాధారణ ఏర్పాటు ప్రకారం వాటాల భాగం తక్కువ, అధిక భాగం రుణపత్రాలే. కోరుకున్నవారికి షరియా వడపోతకు లోబడిన ప్రత్యామ్నాయం ఇవ్వాలి. ప్రభుత్వ రంగ ఫండ్ సంస్థ ఒకటైనా నష్టభయం తక్కువగా ఉండే షరియా పథకం తేవాలి. అద్దె ఆదాయం మీద ఆధారపడిన సుకూక్ పత్రాలను ప్రభుత్వమే జారీ చేసే ఆలోచన చేయాలి. బ్రిటన్ ప్రభుత్వం 2014లోనే సుకూక్ జారీ చేసింది. ముస్లిం దేశం కాని బ్రిటన్ చేయగలిగినది మనకు అసాధ్యం కారాదు.

ప్రభుత్వం కదిలేలోగా మనం చేయవలసిన పని కూడా ఉంది. మసీదు ఆవరణలో, పెళ్లిళ్లలో, మదరసా సభలలో హలాల్ పేరుతో సొమ్ము సేకరించడానికి వచ్చినవారిని కమిటీ పెద్దలు మూడు ప్రశ్నలు అడగాలి. సెబీ నమోదు సంఖ్య ఏది? లాభం ఏ వ్యాపారం నుంచి వస్తుంది, దాని లెక్కలను ఏ ఆడిటరు పరిశీలించాడు? నష్టం వస్తే ఎవరు భరిస్తారు? మూడవ ప్రశ్నకు 'నష్టమే రాదు' అన్న జవాబు వస్తే అంతటితో సంభాషణ ముగించి, ఆ మనిషి ఎంత గొప్ప గడ్డం వాడైనా, ఎంత తియ్యగా మాట్లాడినా, గుమ్మం దాకా సాగనంపాలి. నమోదు సంఖ్య చూపినా, అది నిజమో కాదో సెబీ జాబితాలో సరిచూసుకున్న తర్వాతే జేబులో చెయ్యి పెట్టాలి.